నీలం తెర

కున్సాన్ రేవులో చేపల కంపు కూడా గడ్డకట్టే చలి.
"పాలపుంత" అని పేరు పెట్టుకున్న ఆ స్నానశాలకి
పొగగొట్టం ఒక్కటే ఆకాశంతో చుట్టరికం.

టిక్కెట్టు కిటికీలోంచి ఓక్‌బున్ అవ్వ
నన్ను నెత్తి నుంచి బూట్ల దాకా కొలిచింది.
"వీడికి ఏడేళ్ళు" అంది అమ్మ.
"పోయినేడాదీ ఏడే అన్నావు" అంది అవ్వ.

అంతే.
ఎర్ర తెర అమ్మది, నీలం తెర నాది అయిపోయింది.

బేసిన్ నా చేతికిచ్చింది అమ్మ.
అందులో అరిగిన సబ్బు, ఆకుపచ్చ గరుకు సంచి.
"వేళ్ళు ఎండుద్రాక్షలయ్యేదాకా నానాలి.
ఆ తర్వాతే రుద్దాలి. చెవుల వెనక మర్చిపోకు."
వీపు గురించి ఏమీ చెప్పలేదు.
నా వీపు ఎప్పుడూ ఆమె పని.
ఆమె వీపు నా పని.

నలభై రెండో నంబరు తాళంచెవి
రబ్బరు పట్టీతో చీలమండకి తగిలించుకుని
ఆవిరిలోకి నడిచాను.
గొంతులున్నాయి, వాటికి ఒళ్ళు లేవు.
ఒళ్ళున్నాయి, వాటికి మొహాలు లేవు.
అప్పటిదాకా నాకు తెలిసిన మగవాళ్ళందరూ
బట్టలు వేసుకున్నవాళ్ళే.

షవర్ కింద మా లెక్కల మాస్టారు!
బేసిన్ అడ్డం పెట్టుకుని నడుం వంచి దండం పెట్టాను.
ఆయనా గంభీరంగా తల పంకించాడు,
బేసిన్ లేకుండానే.

పొగలు కక్కే తొట్టిలో మెడదాకా మునిగిన ఒక తాత
కళ్ళు మూసుకుని "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అన్నాడు.
నమ్మి దూకాను.
నాన్న పడవ ఇంకా దారిలోనే ఉందని చెప్పారే,
దాని తర్వాత
పెద్దవాళ్ళు నాకు చెప్పిన అబద్ధాల్లో అదే పెద్దది.
నా కేకకి తొట్టి తొట్టంతా నవ్వింది.

నానాను.
చేతులు రుద్దుకున్నాను, మోకాళ్ళు రుద్దుకున్నాను.
రబ్బరుతో తుడిచిన నోటుబుక్కులోంచి రాలినట్టు
బూడిదరంగు పొట్టు రాలింది.
ఇంతా నేనేనా అనిపించింది.
వీపు దగ్గరికొచ్చేసరికి
చెయ్యి భుజం మీదుగా వెళ్ళి ఆగిపోయింది,
నడుం మీదుగా వెళ్ళి ఆగిపోయింది.

"తిరుగు" అన్నాడు, చల్లగా ఉందన్న తాతే.
పేరడగలేదు. ఎవరబ్బాయివి అనీ అడగలేదు.
గరుకు సంచి తన చేతికి తొడుక్కున్నాడు,
సముద్రంలో తాళ్ళు లాగిన చెయ్యేమో
తోలు ఊడొస్తుందనుకున్నాను.
అయ్యాక బకెట్టు నీళ్ళు గుమ్మరించి
ఏమీ అనకుండా తనే అటు తిరిగి కూర్చున్నాడు.

అంత పెద్ద వీపు నేనెప్పుడూ చూడలేదు.
భుజం కింద పాత కుట్లు, వలకి పడిన మాట్లలా.
రెండు చేతులూ పెట్టి తోశాను.
"చీమ పాకుతోందా ఏంటి?" అన్నాడు.
పళ్ళు బిగించి తోశాను.
కుట్ల దగ్గర మాత్రం మెల్లగా.

అప్పుడు, కప్పుదాకా అందని అడ్డగోడ మీంచి
ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ గొంతు:
"ఒరేయ్ చాన్‌గ్యూ! చెవుల వెనక రుద్దుకున్నావా?"
నేను నోరు తెరిచే లోపే
అయిదారు గొంతులు ఒక్కసారిగా
"రుద్దుకున్నాడమ్మా!"
అందులో లెక్కల మాస్టారి గొంతూ ఉంది.

బయట అరటిపండు పాలు, బొజ్జ సీసా, స్ట్రా.
అమ్మ తడిజుట్టు కొసలు అప్పుడే మంచుపుల్లలవుతున్నాయి.
నా కాలరు వెనక్కి లాగి లోపలికి చూసింది.
చాలాసేపు చూసింది.
"ఎవరు రుద్దారు?"
"తెలీదు. వేడినీళ్ళని చల్లగా ఉన్నాయన్నాయన."
"ఎవరైతేనేం, చల్లగా ఉండాలి" అంది.

వంతెన దాటాక అడిగాను:
"మరి నీ వీపు?"
"నాకు చెయ్యి అందుతుందిలే."

ఆమెని రెండడుగులు ముందుకి పోనిచ్చి
దూదికోటు కిందనుంచి
మళ్ళీ ఒకసారి
చెయ్యి వెనక్కి పెట్టి చూశాను.